రిపోర్టులో ఆఖరి వాక్యం

ఆ ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి మా అక్క పౌడరు డబ్బా మూత తీసి, నా వైపు చూసి, మళ్ళీ మూత పెట్టి డబ్బాని అద్దం పక్కన ఉంచేసింది. టైము గుర్తుండడానికి కారణం ఉంది. ఏడింటికల్లా టోకెన్లు ఇస్తామన్నారు. నేను గోడ గడియారం చూస్తూ ఆమెని తొందరపెడుతున్నాను.

"చంకల్లో కూడా రాసుకోకూడదా?" అంది.

"కూడదు. పౌడరు, సెంటు, పసుపు, ఏవీ వద్దని రాశారు. ఫోటోలో తెల్లగా పడతాయట."

"నర్సీపట్నంలో మార్చి నెల ఎండకి పౌడరు లేకుండా బయటికి వెళ్తున్నాను. దీనికి ఎవరైనా సాక్షి సంతకం పెట్టాలి."

"నేను పెడతాను. పద."

ఊళ్ళోకి క్యాన్సర్ పరీక్షల బస్సు వచ్చింది. హైస్కూలు ఆవరణలో రెండు రోజులు ఉంటుందని, నలభై దాటిన ఆడవాళ్ళకి రొమ్ము ఎక్స్‌రే ఉచితంగా తీస్తారని ఆశా వర్కరు ఇంటింటికీ కరపత్రం ఇచ్చి వెళ్ళింది. దాని వెనకవైపు సూచనలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. అలాంటివి చదవడం మా ఇంట్లో నా పని. నేను ప్రభుత్వాఫీసులో రికార్డు సెక్షన్లో పనిచేస్తాను. మా వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా, బ్యాంకుదైనా ఆసుపత్రిదైనా, నా దగ్గరికి తెచ్చేవారు. చదివి, అందులో ఏముందో రెండు ముక్కల్లో చెప్పేదాన్ని. ఆ రెండు ముక్కల్లో చెప్పడం గురించి నాకు కొంత గర్వం కూడా ఉండేది.

అక్క ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళైన నాలుగేళ్ళకి బావగారు పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అక్క నాకంటే ఐదేళ్ళు పెద్దది. ఆ ఆదివారానికి ఆమెకి యాభై రెండు.

మాతో పాటు ఎదురింటావిడ కూడా వచ్చింది. వాళ్ళది రైతు కుటుంబం. కొండల వైపు జీడితోట, కింద చెరకు. కొడుకు ఉద్యోగం కోసమని ఊరు వదిలి మా ఎదుట ఇల్లు కట్టుకున్నారు. ఏడో తరగతి వరకు చదివింది. మా అక్కని పెద్దొదినా అని, నన్ను సిన్నొదినా అని పిలిచేది. మేమిద్దరం ఆమెని వదినా అనేవాళ్ళం. అక్క ఆమెని నువ్వు అనేది. నేను మీరు అనేదాన్ని, ఇప్పటికీ అంటాను.

వాళ్ళు ఎదురింటికి వచ్చిన మొదటి ఏడాదే అక్కకీ ఆవిడకీ స్నేహం కుదిరింది. అక్క ఇంట్లో నాతో గ్యాసు గురించి, నీళ్ళ మోటారు గురించి, మర్నాటి కూర గురించి మాట్లాడేది. గేటు దగ్గర నిలబడి ఆవిడతో అరగంట నవ్వేది. నేను గుమ్మంలోకి వస్తే నవ్వు ఆగిపోయేది కాదు, కాస్త తగ్గేది. ఆ తగ్గడమే నాకు కష్టంగా ఉండేది. ఇద్దరూ సంతకి వెళ్ళొస్తే ఆ పూట నేను సరిగా తినేదాన్ని కాదు. అడిగితే ఆకలి లేదనేదాన్ని. యాభైకి దగ్గర పడుతున్న మనిషిని ఇలా ఉండేదాన్నని రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇది రాయకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

బస్సు ముందు షామియానా కింద కుర్చీలు వేశారు. వదిన మెడ మీద పౌడరు తెల్లగా కనిపిస్తోంది. వాసన రెండు కుర్చీల అవతలికి వస్తోంది.

"పౌడరు వద్దని రాశారు కదండీ. మీకు చదివి వినిపించాను కూడా," అన్నాను.

"ఎండకి ఒళ్ళంతా పేలిపోతాది సిన్నొదినా. పౌడరు రాసుకుంటే రోగం దాక్కుంటాదేటి?"

"లోపలికెళ్ళి కడుక్కోండి."

"ఒలమ్మ, ఇంత మందిలో కుళాయి కాడ జాకెట్టు విప్పమంటావేటి? నీకు రికార్డు సెక్షనులో ఆడోళ్ళు లేరు గావాల."

చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. అక్క అందరికంటే ఎక్కువ నవ్వింది. లోపల మెషిను దగ్గరున్న అమ్మాయి అడుగుతుందిలే అనుకున్నాను. ఆ అమ్మాయి అడగలేదో, అడిగితే ఈవిడ లేదని చెప్పిందో నాకు తెలియదు.

మామోగ్రామ్ అంటే ఏమిటో ఆ రోజు వరకు మా ముగ్గురికీ తెలియదు. నిలబడి ఉండగా రొమ్ముని కింద ఒక పలక మీద పెట్టి, పైనుంచి ఇంకో పలకతో గట్టిగా అదిమి ఎక్స్‌రే తీస్తారు. పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి, రెండు వైపులా కలిపి నాలుగు. నొప్పి ఉంటుంది, కాసేపే.

బయటికి వచ్చాక వదిన, "సెరకు గానుగలో పెట్టి నొక్కీసినారొదినా, రసం రానందుకు సంతోషించాలి," అంది.

"రెండు సమాంతర తలాల మధ్య ఇరుక్కోవడం అంటే ఏమిటో పిల్లలకి ఇక బాగా చెప్పగలను," అంది అక్క.

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుకుంటూ ఆటో ఎక్కారు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.

పది రోజులకి కవర్లు వచ్చాయి. నా ఫోటో స్పష్టంగా ఉందని, ఏమీ లేదని రాశారు. అక్కది కూడా ఏమీ లేదనే. 'కణజాలం చాలా దట్టంగా ఉంది. అనుమానించదగినది ఏదీ కనబడలేదు.' ఆ రెండు వాక్యాల కింద ఇంకొకటి ఉంది. ఇంత దట్టమైన కణజాలంలో చిన్న గడ్డలు మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కాబట్టి, త్రీడీ మామోగ్రామ్ గాని అల్ట్రాసౌండు గాని చేయించుకోవడం మంచిదని దాని అర్థం.

నేను దాన్ని పైకి చదవలేదు. దాచాలని కాదు. మా ఆఫీసులో ప్రతి ఉత్తర్వు చివరా ఒక వాక్యం ఉంటుంది, నిబంధనలకి లోబడి అనో, తదుపరి ఆదేశాల వరకు అనో. ముప్పై ఏళ్ళుగా దాన్ని ఎవరూ చదవరు. కాగితంలో పని పై పేరాలోనే అయిపోతుంది. ఆఖరి వాక్యం రాసినవాడు తన జాగ్రత్త కోసం రాసుకున్నది. నా కళ్ళకి ఆ అలవాటు పట్టేసింది.

"బాగుందక్కా. ఏమీ లేదు," అన్నాను.

అప్పుడు వదిన అక్కడే ఉంది. కాగితం మీద వేలు పెట్టి, "మరి ఈ కిందదేటి?" అంది.

"అది అందరికీ వేసేదే."

నా రిపోర్టులో ఆ వాక్యం లేదు. రెండు కాగితాలూ నా చేతిలోనే ఉన్నాయి.

వదినకి కవరు రాలేదు, మర్నాడు ఫోను వచ్చింది. ఎడమవైపు ఫోటోలో చంక దగ్గర తెల్లటి సన్న చుక్కలు కనబడుతున్నాయని, సున్నం పేరుకున్నప్పుడు అలా ఉంటుందని, క్యాన్సర్ మొదట్లో ఒక్కోసారి అదే గుర్తని, విశాఖపట్నం వచ్చి త్రీడీ తీయించుకోవాలని చెప్పారు. ఆవిడ ఏడ్చింది. అక్క ఆ సాయంత్రమంతా వాళ్ళింట్లోనే ఉండిపోయింది. వచ్చాక, శనివారం వాళ్ళతో తనూ వెళ్తానంది. నేను సరేనన్నాను. నాకు ఆకలిగా లేదని చెప్పి గదిలోకి వెళ్ళిపోయాను.

మర్నాడు అక్క మనసు మార్చుకుంది. పదో తరగతి పిల్లలకి పరీక్షలు దగ్గర పడ్డాయని, సెలవు పెట్టడం బాగోదని అంది. వదిన కోడలితో వెళ్ళింది. నాకు సంతోషం వేసింది. ఆ శనివారం ఆమె ఒంటిపూట బడి నుంచి వచ్చాక, అక్కా నేనూ కలిసి మామిడికాయ పప్పు చేసుకుని తిన్నాం. ఎంత బాగుందో నాకు ఇంకా గుర్తుంది.

విశాఖలో మెషిను దగ్గర టెక్నీషియను మొదటి మాటే, "పౌడరు ఏమైనా రాసుకున్నారా?" అని అడిగిందట. ఆ రోజు కూడా రాసుకునే వెళ్ళింది మరి. తడి గుడ్డతో తుడిపించి మళ్ళీ తీశారు. చుక్కలు లేవు. అవి పౌడరే. అక్కడితో పంపించేసేవారే. కానీ ఎలాగూ త్రీడీ తీశారు కాబట్టి డాక్టరు అన్నీ చూసింది. ఆ మెషిన్లో ఎక్స్‌రే గొట్టం ఒకచోట ఆగదు. రొమ్ము మీదుగా విల్లులా కదులుతూ కొద్దికొద్ది మోతాదులో వరసగా ఫోటోలు తీస్తుంది. కంప్యూటరు వాటిని కలిపి పలచటి పొరలుగా చూపిస్తుంది. మామూలు ఫోటోలో పైదీ కిందదీ ఒకదాని మీద ఒకటి పడి అంతా తెల్లటి ముద్దలా కనిపిస్తే, ఇందులో ఒక్కో పొర విడిగా చూడొచ్చు. అలా చూస్తుంటే, పౌడరు ఉన్న చోట కాదు, లోపలెక్కడో, బఠాణీ గింజకంటే చిన్నది, అంచులు నక్షత్రంలా చీలినది ఒకటి కనబడింది. సూది పెట్టి ముక్క తీసి చూశారు. క్యాన్సరే. చిన్నది, తొలి దశలోది. ఆపరేషను చేశారు. తర్వాత కొన్ని వారాలు రేడియేషను, మా వైపు కరెంటు పెట్టడం అంటారు. ఆ తర్వాత మాత్రలు. అంతే.

ఆ వేసవి సెలవులు అక్క మొత్తం ఆవిడకే ఇచ్చేసింది. విశాఖకి తోడు వెళ్ళి, వచ్చి, చారు కాచి పట్టుకెళ్ళి, తల దువ్వి. రోగాన్ని చూసి కూడా అసూయపడొచ్చని నాకు అప్పుడే తెలిసింది. నాకు అలాంటిది వస్తే అక్క నాకూ ఇంత చేస్తుంది కదా అనుకున్న రోజులు ఉన్నాయి.

మరుసటి ఏడాది దసరా సెలవుల తర్వాత, స్నానం చేస్తుండగా అక్క చేతికి గట్టిగా తగిలింది. విశాఖలో అదే ఆసుపత్రికి, అదే మెషిను దగ్గరికి వెళ్ళాం. త్రీడీలో కనబడింది. ఎంతవరకు పాకిందో చూడాలని కాంట్రాస్ట్ మామోగ్రామ్ కూడా తీశారు. చేతి నరంలోకి మందు ఎక్కించి, కాసేపు ఆగి, రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలతో వెంటవెంటనే రెండు ఫోటోలు తీస్తారు. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే మామూలు కణజాలం పోయి, మందు పీల్చుకున్నది మాత్రం మిగులుతుంది. గడ్డకి కొత్త రక్తనాళాలు ఉంటాయి కాబట్టి అది పీల్చుకుంటుంది.

"తీసివేత లెక్కే కదా," అంది అక్క.

"అవునండీ, తీసివేతే," అంది డాక్టరు.

తీసివేయగా మూడు చోట్ల మిగిలింది. తర్వాత తీసిన వేరే స్కానుల్లో వెన్నెముకలో కూడా ఉందని తేలింది.

నేను పాత ఫోటోలు తీసుకెళ్ళాను. డాక్టరు వాటిని చాలాసేపు చూసింది. "అప్పుడు ఇది ఉండి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఈ దట్టమైన దాన్లో గడ్డ కూడా తెల్లగానే పడుతుంది, విడిగా కనబడదు. అందుకే ఇంకో పరీక్ష రాశారు కదా," అంది. నేను తలూపాను. అక్క నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

పధ్నాలుగు నెలలు బతికింది. ఆ నెలల గురించి ఇక్కడ రాయను. సంతాప సభలో ఆమెని దీపం అన్నారు, నది అన్నారు, ఒకాయన పద్యం కూడా చదివాడు. మా అక్క దీపం కాదు. లెక్కల టీచరు. తొమ్మిదో ఎక్కం దగ్గర తడబడే పిల్లల్ని మధ్యాహ్నం అన్నం మానేసి కూర్చోబెట్టేది.

ఆ తర్వాత నాకు మిగిలింది ఎదురిల్లు. పొద్దున్నే లేచి కిటికీ తీస్తే వదిన మేడ మీద జీడిపిక్కలు ఆరబోస్తూ కనిపించేది. ఆమె జుట్టు నెరిసింది. నడుము కాస్త వంగింది. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పుకునేది. అది వింటే నాకు ఒళ్ళు మండేది. నొప్పి పుట్టడానికి ఆమెకి మోకాళ్ళున్నాయి. వంగడానికి నడుముంది. చెప్పిన మాట వినని మనిషి, కాగితం చదవని మనిషి, పౌడరు రాసుకుని బస్సెక్కిన మనిషి ముసలిదవుతోంది. చెప్పినట్టు విన్నది పోయింది. అక్క కూడా ఆ రోజు పౌడరు రాసుకుని ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో. వద్దన్నది నేను. సూచన సరైనదే. ఎవరు అడిగినా ఇప్పటికీ అదే చెబుతాను. అయినా అనుకునేదాన్ని.

ఏడాదికొకసారి వదిన విశాఖ వెళ్ళి పరీక్ష చేయించుకుని, రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టేది. "నువ్వు సదివితేనే నాకు దైర్యం సిన్నొదినా," అనేది. నేను చదివేదాన్ని. చదువుతూ వెతికేదాన్ని. ఏం వెతికేదాన్నో రాయడం కష్టం, కానీ వెతికేదాన్ని. ఏమీ లేదన్న వాక్యం రాగానే నాలో ఏదో దిగజారేది. పైకి, "బాగుందండీ," అనేదాన్ని.

ఈ ఏడాది ఫిబ్రవరిలో, శనివారం మధ్యాహ్నం నాలుగింటికి అలాగే కవరు తెచ్చింది. కుర్చీలో కూర్చుని చీర చెంగుతో మొహం తుడుచుకుంది. నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. కుడివైపు మామూలుగా ఉంది. ఎడమవైపు ఆపరేషను చేసిన చోట మచ్చ ఉంది. కొత్తగా గడ్డ ఏదీ లేదు. అక్కడ దాకా పైకి చదివి తెలుగులో చెప్పాను. కింద ఆఖరి వాక్యం ఉంది. మచ్చ దగ్గర నిరుటికీ ఇప్పటికీ స్వల్పమైన తేడా ఉందని, మచ్చ వల్లే కావచ్చని, ఆరు నెలల్లో కాంట్రాస్ట్ మామోగ్రామ్ తీయించాలని.

ఈసారి అది అందరికీ వేసే వాక్యం కాదని నాకు తెలుసు. చదివాను, అర్థమైంది. కాగితం మడిచి కవర్లో పెట్టి ఆవిడ చేతికిచ్చాను.

"బాగుందా?"

"బాగుంది."

"అయితే మళ్ళీ ఏడాదికే గదా?"

"ఆ."

ఆవిడ లేచి, మోకాలు పట్టుకుని మెట్లు దిగి, వీధి దాటి వాళ్ళ గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఆ రెండు మూడు నిమిషాలు నాకు చాలా తేలిగ్గా ఉంది. లెక్క సరిపోయినట్టు అనిపించింది. ఆ తేలికే నన్ను భయపెట్టింది. కూర్చున్నాను. పుస్తకం తీశాను, ఒక పేజీ కూడా సాగలేదు. అక్క బతికుంటే ఏమంటుందో అని నేను ఆలోచించలేదు. పోయినవాళ్ళ నోట్లో మాటలు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. నేను ఆలోచించింది ఒకటే. అక్క కాగితం విషయంలో నేను చేసింది పొరపాటు. ఇది పొరపాటు కాదు.

ఆరున్నరకి వీధి దాటాను.

వదిన వరండాలో పీట మీద కూర్చుని జీడిపప్పు మీది పొట్టు తీస్తోంది. కోడలు లోపల వంటింట్లో ఉంది.

"వదినా, ఒక వాక్యం చదవలేదు," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "కూకో."

"ఆరు నెలల్లో ఇంకో పరీక్ష చేయించాలని రాశారు. చూడక వదిలెయ్యలేదు. కావాలనే చదవలేదు."

"తెలుసు. మడత పెట్టిన తీరు సూసినాను గదా."

"మీకెలా తెలుసు అందులో ఉందని?"

"డాక్టరమ్మ అక్కడే సెప్పీసింది. ఆగస్టుకి రమ్మంది. కోడలు పిల్ల ఫోనులో రాసీసుకుంది కూడాను."

"మరి తెలిసీ నా దగ్గరికి ఎందుకు తెచ్చారు?"

"పెద్దొదిన సెప్పింది. కాయితాలు ఏవొచ్చినా దాని సేతికే ఇయ్యి, నేకపోతే సిన్నబోతాది అంది. ఆకర్న మంచం మీదున్నప్పుడు. అందుకని తెస్తన్నాను. నాకేటి, వీధి దాటడమే గదా."

అక్క నాతో అలాంటిదేమీ చెప్పలేదు. నన్ను ఎలా చూసుకోవాలో ఈవిడకి చెప్పి వెళ్ళింది. అక్కడ కూర్చుని ఉండగానే మళ్ళీ అదే పొంగింది.

"నాకు మీరంటే కుళ్ళు," అన్నాను.

"ఇయ్యాలా సెప్తన్నావు? మేం ఈ ఇంట్లో పాలు పొంగించిన కాణ్ణించీ ఉన్నాదది."

వంటింట్లోంచి కోడలు నవ్విన శబ్దం వినబడింది. వదిన అటు తిరిగి, "నీకేటే మద్దిన? బేగి టీ పెట్టు," అని అరిచింది.

నేను అడగాల్సింది ఇంకొకటి ఉంది. మూడేళ్ళుగా ఎవరినీ అడగలేదు. "అక్క రిపోర్టులో కూడా కింద ఒక వాక్యం ఉంది. మీరు అడిగారు. అందరికీ వేసేదే అన్నాను. అక్కకి అది తెలుసా?"

"ఇంగ్లీసు రాదేటి మీ యక్కకి? మర్నాడే సదువుకుంది. బళ్ళో సైన్సు టీచరమ్మకి కూడా సూపించింది."

"మరి ఎందుకు వెళ్ళలేదు?"

వదిన పొట్టు చేట అవతలికి జరిపింది. "అడక్కు."

"చెప్పండి."

"ఆ శనివారం నాతో రమ్మన్నాను. నాకెలగూ తీస్తారు, నీకూ తీయించీద్దాం, ఒక్క రోజుతో అయిపోద్ది అన్నాను. సరే అంది. తెల్లారీసరికి రానంది. 'చెల్లి రాత్రి అన్నం ముట్టుకోలేదు. మనిద్దరం కలిసి వెళ్తే వారం రోజులు మొహం ముడుచుకుని తిరుగుతుంది. సెలవుల్లో దాన్నే తోడు తీసుకుని వెళ్తాను, దానికీ బాగుంటుంది' అంది. సెలవులొచ్చీసరికి నాకు కరెంటు పెడతన్నారు. నా కూడా తిరిగి తిరిగి తన సంగతి ఒగ్గీసింది. నానూ గుర్తు సెయ్యలేదు. నా నొప్పిలో నానున్నాను. మొదటిది నీ వల్ల, రెండోది నా వల్ల. పంచుకోవాలంటే సెరి సగం."

ఆమె నన్ను ఓదార్చలేదు. నీ తప్పేమీ లేదని అనలేదు. అందుకే ఆ మాట నమ్మాను. కోడలు టీ తెచ్చింది. తాగాను. ఏడవలేదు, ఏడిస్తే ఆవిడ లేచి రావాలి, మోకాళ్ళ నొప్పితో.

ఇంటికి వచ్చి ఆ మామిడికాయ పప్పు తిన్న శనివారం గురించి ఆలోచించాను. సరిగ్గా ఆ గంటల్లోనే వదిన ఆ మెషిను ముందు నిలబడి ఉంది. పక్కన అక్క నిలబడాల్సింది. అప్పటికి అది కనబడేదో లేదో డాక్టరుకే తెలియదు, నాకెలా తెలుస్తుంది. కనబడి ఉండొచ్చు. అంతకంటే ముందుకి ఈ ఆలోచన వెళ్ళదు, వెనక్కీ రాదు.

ఆగస్టులో వాళ్ళతో నేనూ వెళ్ళాను. పిలిచింది వదినే. సొంత అక్కకి వచ్చింది కాబట్టి నేను కూడా ఏడాదికొకసారి చూపించుకోవాలని డాక్టరు ఎప్పుడో చెప్పింది. నేను వాయిదా వేస్తూ వచ్చాను. "నువ్వు కూడా తీయించీసుకో, మళ్ళీ నీ కోసం ఒకడు రావాలేటి?" అంది వదిన. పొద్దున్న బస్సుకి ముగ్గురం బయల్దేరాం.

నాకు త్రీడీ తీశారు. ఆమెకి చేతిలో సూది పెట్టి కాంట్రాస్ట్ తీశారు. బయట బెంచీ మీద కూర్చుని ఉండగా, ఈసారి నేను చెడ్డ మాట కోసం ఎదురుచూడలేదని రాయగలిగితే బాగుండేది. కొంచెం చూశాను. ముందంతగా కాదు. డాక్టరు ముగ్గుర్నీ లోపలికి పిలిచి తెర మీద చూపించింది. మచ్చ ఉన్న చోట మందు పీల్చుకున్నది ఏమీ లేదు. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే ఏమీ మిగల్లేదు. అది మచ్చే. వదిన కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. నాకు నిజంగానే ఊరట కలిగింది. దాని పక్కనే, అదే క్షణంలో, అక్క తెర మీద మిగిలిన మూడు మచ్చలు గుర్తొచ్చాయి. ఈవిడకి ఏమీ మిగలకపోవడం, ఆమెకి మిగలడం. కుళ్ళు పోలేదు. పోతుందని కూడా నేను అనుకోవడం లేదు. దాంతో పాటే వదిన చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను.

నా రిపోర్టు రెండు రోజుల తర్వాత కోడలి ఫోనుకి వచ్చింది. వాళ్ళ వరండాలో కూర్చోబెట్టి తనే చదివింది, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా, ఒక్కోదానికి తెలుగు చెబుతూ. ఏమీ లేదు. ఏడాదికి మళ్ళీ రమ్మన్నారు. వదినది కూడా ఆ పిల్లే చదివింది. మొన్న పక్కింటాయన ఏదో ల్యాబు కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వస్తే, ఎదురింటికి పంపించాను.

నేను ఇప్పుడు ఎవరి రిపోర్టూ చదవడం లేదు.